హోటల్ గదుల్లో ఇంటరాక్టివ్ టీవీ పెట్టాలంటే చెక్ అవుట్ దగ్గర మొదలుపెట్టండి

గదుల్లో టీవీలు మార్చి, ఫోన్‌తో కలిసి పనిచేసే సిస్టమ్ పెడదామని అనుకునే హోటల్ వాళ్లు దాదాపు అందరూ ఒకే చోట మొదలుపెడతారు. ఏ కంపెనీ టీవీ, ఎన్ని అంగుళాలు, వెల్కమ్ స్క్రీన్ మీద ఏ ఫోటో. ఈ సిస్టమ్‌లు బిగించే పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, అటు చివర నుంచి మొదలుపెట్టండి. గెస్ట్ గది ఖాళీ చేసిన నిమిషానికి ఆ టీవీలో ఆయనకు సంబంధించింది ఒక్కటి కూడా మిగలకూడదు. ఇది ఎలా జరుగుతుందో ముందు తేల్చుకుంటే ఏ టీవీ కొనాలో, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో సగం దానంతట అదే తేలిపోతుంది.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, ఒకసారి పని మీద వెళ్లి ఒక హోటల్‌లో దిగాను. టీవీలో యూట్యూబ్ తెరవగానే ఎవరిదో అకౌంట్ వచ్చింది. పక్కన ఒక పెద్దావిడ ఫోటో, కింద ఆవిడ చూసిన వీడియోలు వరసగా ఉన్నాయి: మోకాలి ఆపరేషన్ తర్వాత ఎలా నడవాలి, నొప్పి ఎన్ని రోజులుంటుంది, మెట్లు ఎక్కవచ్చా. ఆవిడ ఎవరో నాకు తెలియదు, కానీ ఆవిడ దేనికి భయపడుతోందో తెలిసిపోయింది. లాగవుట్ చేసి రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, "పర్లేదు సార్, వాడుకోండి" అన్నాడు అవతలి అబ్బాయి. అతన్ని తప్పు పట్టను, ఇది తప్పని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ రోజు నుంచి నేను ఏ హోటల్‌కి పని చేసినా మొదట అడిగేది ఇదే: గెస్ట్ వెళ్లిపోయాక ఎవరు చెరుపుతారు, ఎప్పుడు చెరుపుతారు?

ముందు ఒక గంట గదిలో కూర్చోండి

కొటేషన్లు తెప్పించుకునే ముందు మీ హోటల్‌లోనే ఒక మామూలు గది తీసుకుని, గెస్ట్‌లాగా లోపలికి వెళ్లండి. బ్యాగ్ పెట్టి, ఫోన్‌లో టైమర్ నొక్కి, మీరు ఇంట్లో సగం చూసి ఆపేసిన సీరియల్‌ని ఆ టీవీలో మళ్లీ మొదలుపెట్టడానికి ప్రయత్నించండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ ఆగిపోయారు, ఎవరికైనా ఫోన్ చేయాల్సి వచ్చిందా, అన్నీ కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇదే పని టెక్నాలజీ అంటే కాస్త టెన్షన్ పడే ఒక పెద్దాయన చేత చేయించండి, మీరు పక్కన నిలబడండి, నోరు మాత్రం విప్పకండి. ఆయన వేలు రిమోట్ మీద ఎక్కడ తడబడిందో అదే మీరు సరిచేయాల్సిన మొదటి చోటు.

ఆ గంటలోనే గోడ వెనక ఏ తీగ ఉందో కూడా చూడండి. పాత భవనాల్లో చాలాచోట్ల కోయాక్సియల్ కేబుల్, అంటే కేబుల్ టీవీకి వాడే ఆ గుండ్రటి తీగ, మాత్రమే ఉంటుంది. గోడలు పగలగొట్టక తప్పదేమో అని కంగారు పడకండి, ఆ కోయాక్సియల్ మీదే డేటా పంపే పరికరాలు ఉన్నాయి. కొత్తగా తీగలు లాగే అవకాశం ఉంటే మాత్రం ప్రతి టీవీకి ఒక నెట్‌వర్క్ కేబుల్ వేయించేయండి. టీవీలను వైఫై మీద నడపడం నాకు ఇష్టం ఉండదు, రాత్రి అందరూ ఒకేసారి చూసే వేళకి అది కచ్చితంగా ఇబ్బంది పెడుతుంది.

టీవీ: ఇంటిది వేరు, హోటల్‌ది వేరు

షాపులో తక్కువకు వస్తోంది కదా అని ఇళ్లలో వాడే టీవీలు కొని బిగించకండి. హోటళ్ల కోసం చేసిన మోడల్స్‌లో హోటల్ మోడ్ అని ఉంటుంది. ఆన్ చేయగానే ఎంత సౌండ్‌తో మొదలవ్వాలి, గరిష్ఠంగా ఎంత దాకా పెరగొచ్చు, ఏ చానల్ లేదా ఏ స్క్రీన్ రావాలి, సెట్టింగ్స్‌లోకి గెస్ట్ వెళ్లొచ్చా లేదా, ఇవన్నీ మీరు బిగించి పెట్టుకోవచ్చు. ఒక టీవీలో సెట్ చేసింది పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని మిగతా అన్నిటికీ కాపీ చేయొచ్చు, 60 గదులుంటే దీని విలువేంటో ఆ రోజు తెలుస్తుంది. ఎల్‌జీలో ప్రో సెంట్రిక్, శామ్‌సంగ్‌లో లింక్ అనే పేర్లతో టీవీలన్నిటినీ ఒకే చోటు నుంచి చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇంకోటి, ఇంటి టీవీల వారంటీ చాలావరకు వ్యాపార వాడకానికి వర్తించదు. కొనే ముందు ఆ కాగితం చదవండి.

టీవీ పక్కనో వెనకో ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టును మూసేయకండి. ల్యాప్‌టాప్ తెచ్చుకునేవాళ్లు, పిల్లల కోసం గేమ్ కన్సోల్ తెచ్చుకునేవాళ్లు ఉంటారు. చేయి అందే చోట ఒక పోర్టు వదిలితే మీ సిస్టమ్ మొత్తం పడుకున్న రోజున కూడా గెస్ట్ దగ్గర ఒక దారి మిగులుతుంది.

ఫోన్‌లోది టీవీలోకి రావాలి, పక్క గది టీవీలోకి కాదు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

గూగుల్ 2013లో క్రోమ్‌కాస్ట్ తెచ్చినప్పటి నుంచి జనానికి ఒక అలవాటు పడింది, ఫోన్‌లో ఒక గుర్తు నొక్కితే వీడియో టీవీలో ఆడుతుంది. దీన్నే క్యాస్టింగ్ అంటారు. నిజానికి ఫోన్ ఆ వీడియోని పంపదు. ఫలానా వీడియో ఫలానా చోట ఉంది అని టీవీకి చెబుతుంది, టీవీయే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌లాగా మిగులుతుంది. హోటల్‌కి ఇది చాలా మంచి పద్ధతి, ఎందుకంటే గెస్ట్ తన పాస్‌వర్డ్‌ని రిమోట్‌తో ఒక్కో అక్షరం కొట్టి టీవీలో పెట్టాల్సిన పని లేదు.

చిక్కు ఎక్కడంటే, ఫోన్ టీవీని వెతుక్కోవడానికి ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతి వాడుతుంది. "ఇక్కడ టీవీ ఎవరైనా ఉన్నారా" అని నెట్‌వర్క్ మొత్తానికి కేక వేసినట్టు. ఆ కేక 224.0.0.251 అనే చిరునామాకి, 5353 పోర్టులో వెళ్తుంది, ఒకే చిన్న నెట్‌వర్క్ లోపలే వినిపిస్తుంది, గడప దాటదు. ఇంట్లో ఒకే రౌటర్ కాబట్టి బాధ లేదు. హోటల్ వైఫైలో మాత్రం ఒక గెస్ట్ ఫోన్‌కి ఇంకో గెస్ట్ ఫోన్ కనిపించకుండా అడ్డు పెడతారు, పెట్టి తీరాలి కూడా. ఆ అడ్డు ఉంటే గెస్ట్‌కి తన టీవీ కూడా కనిపించదు. క్యాస్టింగ్ పనిచేయట్లేదని ఎవరో ఫిర్యాదు చేశారని ఆ అడ్డు తీసేస్తే 304లో ఉన్నాయన ఫోన్‌లో హోటల్‌లోని టీవీలన్నీ జాబితాగా ప్రత్యక్షమవుతాయి, ఆయన పొరపాటున 305 నొక్కితే అవతల నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేస్తుంది.

అందుకని మధ్యలో ఒక గేట్‌వే కావాలి. గది టీవీ మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, గెస్ట్ స్కాన్ చేస్తాడు, ఆ ఫోన్‌ని ఆ ఒక్క టీవీతో గేట్‌వే జత చేస్తుంది, ఆ ఫోన్‌కి ఇంకే టీవీ కనపడదు. మీకు సిస్టమ్ అమ్మడానికి వచ్చినవాళ్లని ఈ జత చేయడం మీ వైఫైతోనే, మీ గదిలోనే చేసి చూపించమనండి. రెండు పక్క గదుల్లో రెండు ఫోన్లతో చూడండి. కుదిరితే మూడోది పై ఫ్లోర్‌లో.

ఐఫోన్ వాళ్ల సంగతి కూడా చూసుకోవాలి. హోటల్ టీవీల్లో ఎయిర్‌ప్లే, అంటే ఐఫోన్‌లోది టీవీలో ఆడించే ఆపిల్ సొంత పద్ధతి, వస్తుందని ఆపిల్ 2023లో ప్రకటించింది, 2024లో ఎల్‌జీ టీవీలతో కొన్ని హోటళ్లలో మొదలైంది. అక్కడా క్యూఆర్ కోడే, ఒక్క స్కాన్‌తో వైఫై, టీవీ రెండూ కలుస్తాయి. మీరు కొనే మోడల్‌లో ఇది ఉందా, తర్వాత అప్‌డేట్‌లో వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. "వస్తుంది సార్" అనే మాట సరిపోదు.

ఒక చిన్న విషయం మీద నేను చాలా గంటలు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు. నెట్‌వర్క్ ఒక ఫోన్‌ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్ అనే నంబరుతో. ఇప్పటి ఫోన్లు అసలుది దాచి, ఒక్కో వైఫై పేరుకి వేరే వేరే మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి అది మామూలైపోయింది. లాబీలో ఒక వైఫై పేరు, గదుల్లో ఇంకో పేరు పెట్టారనుకోండి, గెస్ట్ కిందకి దిగి పైకి వచ్చేసరికి మీ సిస్టమ్ లెక్కలో అది వేరే ఫోన్ కావచ్చు. హోటల్ అంతటికీ ఒకే వైఫై పేరు పెట్టండి, ఈ గొడవ చాలావరకు పోతుంది.

ఒకే దారిని నమ్ముకుని కూర్చోకండి. 2025 మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా ఒకేసారి పనిచేయడం మానేశాయి. లోపల ఉన్న ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు అయిపోవడమే కారణం. ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దని గూగుల్ చెప్పేలోపే కంగారులో రీసెట్ నొక్కినవాళ్లకి ఇబ్బంది ఇంకా పెరిగింది. అదే ఏడాది చివర్లో నెట్‌ఫ్లిక్స్ కూడా ఫోన్ నుంచి చాలా కొత్త టీవీలకి క్యాస్ట్ చేయడాన్ని తీసేసింది. అంటే టీవీలోనే ఆ యాప్ ఉండాలి, లాగిన్ అవ్వాలి. క్యాస్టింగ్, టీవీలో యాప్‌లు, హెచ్‌డీఎంఐ పోర్టు, మామూలు చానల్స్, ఈ నాలుగూ ఉంచుకుంటే ఏ కంపెనీ ఏ రాత్రి ఏం మార్చినా మీ రిసెప్షన్ ఫోన్ అంతగా మోగదు.

ఇంటర్నెట్ ఎంత తీసుకోవాలనేది సులువు లెక్కే. నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలంటుంది. 60 గదుల్లో రాత్రి సగం గదులు ఫుల్ హెచ్‌డీలో చూస్తున్నాయనుకుంటే టీవీలకే 150 ఎంబీపీఎస్, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు దాని మీద అదనం.

చెరిపేయడం

టీవీ సిస్టమ్‌ని మీ బుకింగ్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే రిసెప్షన్‌లో చెక్ ఇన్, చెక్ అవుట్ కొట్టే ఆ పీఎంఎస్‌తో కలపాలి. చెక్ అవుట్ కొట్టగానే ఆ గది టీవీకి సంకేతం వెళ్లాలి, లాగిన్లన్నీ పోవాలి, జత చేసిన ఫోన్ విడిపోవాలి, చూసిన చరిత్ర, వెతికిన మాటలు, మెసేజ్‌లు అన్నీ తుడిచిపెట్టుకుపోవాలి. మామూలు ఇంటి స్మార్ట్ టీవీలో ఇది దానంతట అది జరగదు, పైన చెప్పిన పెద్దావిడకి జరిగింది అదే.

మామూలు చెక్ అవుట్ అందరూ పరీక్షిస్తారు, కానీ తేడా వచ్చేది ఎప్పుడూ అంచుల దగ్గరే. గెస్ట్‌ని మధ్యలో 210 నుంచి 412కి మార్చారు, 210 తుడిచిందా? ఇంకో రాత్రి ఉంటానన్నారు, బుకింగ్ పొడిగిస్తే పొరపాటున తుడిచేసిందా? గెస్ట్ పొద్దున్నే చెప్పకుండా వెళ్లిపోయారు, రిసెప్షన్ వాళ్లు మధ్యాహ్నం దాకా చెక్ అవుట్ కొట్టలేదు, ఈలోపు క్లీనింగ్‌కి వెళ్లినవాళ్లకి టీవీలో ఏం కనిపిస్తుంది? టీవీ ప్లగ్ పీకేసి ఉంది, సంకేతం అందలేదు, తర్వాత ఆన్ చేసినప్పుడు ముందు తుడిచాకే స్క్రీన్ చూపిస్తుందా? ఈ నాలుగూ మీ చేత్తో చేసి చూడండి, అమ్మేవాళ్ల ప్రెజెంటేషన్‌లో ఇవేవీ ఉండవు.

గెస్ట్ చేతికి కూడా ఒక బటన్ ఇవ్వండి. హోమ్ స్క్రీన్ మీదే, "నా వివరాలు ఇప్పుడే తుడిచేయి" అని. మెనూలో నాలుగు మెట్లు లోపల దాచకండి.

స్క్రీన్ మీద ఏముండాలి

తక్కువ ఉండాలి. చానల్స్, ఫోన్ కలపడం, యాప్‌లు, గది సేవలు, హోటల్ వివరాలు, బిల్లు. ఆరు చాలు. ప్రకటనల వీడియో పెట్టి గెస్ట్ చేత అది అయ్యేదాకా చూపించకండి, అలసిపోయి వచ్చిన మనిషికి అదొక శిక్ష.

పేరుతో స్వాగతం చెప్పడం బాగానే ఉంటుంది, కానీ కొందరికి తమ పేరు స్క్రీన్ మీద ఉండటం ఇష్టం ఉండదు. చెక్ ఇన్ దగ్గర ఒక్క మాట అడగండి. పూర్తి పేరు, గది నంబరు రెండూ పక్కపక్కన మాత్రం ఎప్పుడూ చూపించకండి, తలుపు తీసి ఉన్నప్పుడు కారిడార్‌లో వెళ్లేవాళ్లకి కూడా కనిపిస్తుంది. బిల్లు చూడాలంటే పిన్ అడగాలి. గదిలో ఉన్న ఇద్దరూ అన్నీ ఒకరికొకరు చెప్పుకోవాలని ఎక్కడా లేదు.

భాష మార్చుకునే బటన్ మొదటి స్క్రీన్ మీదే ఉండాలి. తెలుగులాంటి లిపులు పెడితే ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో అసలు టీవీ మీదే చూడండి. కంప్యూటర్‌లో చక్కగా ఉన్న "స్వాగతం" టీవీలోకి వచ్చేసరికి "స్‌వాగతం" అయి కూర్చోవడం నేను చూశాను. అక్షరాల సైజు కూడా మంచం మీద పడుకుని చూసి నిర్ణయించండి. సబ్‌టైటిల్స్ బటన్ రిమోట్ మీద నేరుగా ఉంటే చెవులు సరిగా వినపడనివాళ్లు ఎవరినీ అడగాల్సిన అవసరం ఉండదు.

సోషల్ అంటే ముందు మనిషికి మెసేజ్ చేరడం

సోషల్ టెక్నాలజీ అనగానే లాబీలో పెద్ద స్క్రీన్, దాని మీద గెస్టులు పెట్టిన పోస్టులు గుర్తొస్తాయి. పెట్టాలనుంటే పెట్టండి, కానీ ఒక మనిషి చూసి ఓకే చేశాకే పోస్ట్ స్క్రీన్ మీదకి రావాలి, పోస్టులో ఎవరి ముఖమైనా ఉంటే వాళ్ల అనుమతి ఉండాలి. గెస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చాట్ అయితే కాన్ఫరెన్సుకో పెళ్లికో వచ్చిన బృందాలకు పనికొస్తుంది, అదీ వాళ్లంతట వాళ్లు చేరితేనే, గది నంబరు ఎవరికీ కనపడకుండా. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లని మనసులో పెట్టుకుని ఈ సెట్టింగులు చూడండి, ఏది తెరవాలో ఏది మూయాలో వెంటనే అర్థమవుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైంది చాలా సాదా విషయం: గెస్ట్ టీవీలోనో ఫోన్‌లోనో "రెండు టవళ్లు కావాలి" అని నొక్కితే టవళ్లు రావాలి. ఇలాంటి సిస్టమ్‌లు మూలపడేది ఇక్కడే. బటన్ ఉంటుంది, నొక్కితే "మీ అభ్యర్థన అందింది" అని వస్తుంది, ఆ అభ్యర్థన రిసెప్షన్ కంప్యూటర్‌లో ఎవరూ తెరవని ఒక విండోలో పడి ఉంటుంది. గెస్ట్ పావుగంట చూసి ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత ఆ బటన్ జోలికి మళ్లీ రాడు. కాబట్టి ఒక్కో బటన్‌కి కాగితం మీద మూడు రాయండి: ఇది ఎవరి చేతిలోని ఫోన్‌కి వెళ్తుంది, ఆ మనిషి ఎన్ని నిమిషాల్లో చూసినట్టు నొక్కాలి, నొక్కకపోతే తర్వాత ఎవరికి మోగుతుంది. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉండే షిఫ్ట్‌కి కూడా రాయండి. ఆ మూడు రాయలేని బటన్ ఉంటే తీసేయండి.

వాట్సాప్ వాడదలిస్తే బిజినెస్ ప్లాట్‌ఫామ్ నియమాలు తెలుసుకోండి. గెస్ట్ ముందుగా ఒప్పుకోవాలి, ఆయన చివరి మెసేజ్ పెట్టిన 24 గంటల లోపే మీరు మామూలుగా రాయగలరు, ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే పంపాలి. సిబ్బంది సొంత ఫోన్ నంబర్లతో గెస్టులకు మెసేజ్‌లు పెట్టించకండి, అది ఇద్దరికీ మంచిది కాదు.

కెమెరా ఉన్న టీవీ గదిలో వద్దే వద్దు. మాటతో పనిచేసే స్పీకర్ పెడితే మైక్ ఆపే బటన్ ఎక్కడుందో దాని పక్కనే కార్డు మీద రాయండి, గెస్ట్ వద్దంటే మారుమాట లేకుండా తీసేయండి. టీవీ సెట్టింగ్స్‌లో, తెర మీద ఏం ఆడుతోందో గుర్తుపట్టి కంపెనీకి పంపే ఆప్షన్ ఉంటుంది, అది అన్ని గదుల్లో ఆఫ్ చేయించండి. చూసేవాళ్లకి చెప్పకుండా ఇలా సమాచారం తీసుకున్నందుకే 2017లో అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది.

నెట్‌వర్క్‌ని విడదీయండి

ఒకసారి జీసస్ మొలీనా అనే సెక్యూరిటీ పరిశోధకుడు చైనాలోని షెన్‌జెన్‌లో ఒక లగ్జరీ హోటల్‌లో దిగాడు. గదిలో లైట్లు, టీవీ, కర్టెన్లు నడపడానికి ఐప్యాడ్ ఇచ్చారు. అది గెస్టుల వైఫైలోనే ఉందని, వెనక లైట్లు, కర్టెన్లు నడిపే కేఎన్‌ఎక్స్ అనే సిస్టమ్ ఎవరు ఆజ్ఞ ఇస్తున్నారో అడగడం లేదని ఆయన గమనించాడు. చిరునామాలో అంకెలు మారిస్తే వేరే గదుల్లో లైట్లు, టీవీలు నడపవచ్చు. ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా హోటల్‌కి చెప్పి, 2014లో బ్లాక్ హ్యాట్ అనే సెక్యూరిటీ సమావేశంలో వివరించాడు.

మీ ఇన్‌స్టాలర్‌ని అడగాల్సింది ఇదే: గెస్ట్ వైఫై, టీవీలు, గది లైట్లు ఏసీల కంట్రోల్, రిసెప్షన్ కంప్యూటర్లు, ఈ నాలుగూ వేర్వేరు వీలాన్‌లలో, అంటే ఒకే తీగల మీద ఒకదానికొకటి కనపడకుండా విడదీసిన నెట్‌వర్క్‌లలో, ఉన్నాయా? ఒకదాని నుంచి ఇంకోదానికి ఏ తలుపులు తెరిచి ఉన్నాయో జాబితా ఇవ్వమనండి. జాబితా చిన్నదిగా ఉండాలి, ప్రతి దానికీ కారణం ఉండాలి. డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చారా అన్నది వాళ్ల మాట మీద వదలకుండా మీ ముందే లాగిన్ అయి చూపించమనండి.

ఒక్క ఫ్లోర్‌తో మొదలుపెట్టి

హోటల్ మొత్తానికి ఒకేసారి పెట్టకండి. ఒక ఫ్లోర్‌లో రెండు వారాలు నడపండి. రోజూ రాత్రి తొమ్మిదికి, అంటే అందరూ చూసే వేళలో, ఒక గదిలో మీరే కూర్చుని చూడండి. ఒకరోజు ఇంటర్నెట్ తీగ కావాలని పీకండి, మామూలు చానల్స్ రావాలి. ఒకరోజు ఆ ఫ్లోర్ కరెంటు తీసి మళ్లీ వేయండి, టీవీలన్నీ ఎవరూ ముట్టుకోకుండా తిరిగి లేవాలి. ఫైర్ అలారానికి టీవీని కలిపితే ఆ హెచ్చరిక ఏది ఆడుతున్నా దాని మీదకి రావాలి, కానీ అసలు అలారం బదులు టీవీని నమ్ముకోకూడదు.

హౌస్‌కీపింగ్ వాళ్లని ఈ పనిలో మొదటి రోజు నుంచే కలుపుకోండి, ప్రతి గదినీ రోజూ చూసేది వాళ్లే. గది సిద్ధం చేసేటప్పుడు వాళ్లు చూడాల్సినవి నాలుగు: రిమోట్ తుడిచారా, బ్యాటరీ పనిచేస్తోందా, హెచ్‌డీఎంఐకి ఎవరైనా వదిలేసిన వైరు ఉందా, టీవీ ఆన్ చేస్తే ఖాళీ స్వాగతం స్క్రీన్ వస్తోందా లేక ఎవరిదైనా పేరు కనిపిస్తోందా. పేరు కనిపిస్తే ఆ గది ఇంకా సిద్ధం కానట్టే. రిసెప్షన్‌కి చెప్పి, చెరిపించి, మళ్లీ ఆన్ చేసి చూశాకే తాళం ఇవ్వాలి.